సారు ఇప్పుడే బయటికి వెళ్లారు

దగ్గరకు జరగండర్రా. ఆ తలుపు పక్కన నిలబడ్డవాళ్లు కూడా ఇటు వచ్చి కూర్చోండి. ఇది దూరం నుంచి వింటే నమ్మబుద్ధి కాదు.

ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమేమంటే, పిట్టకు విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. పిట్ట అంటే ఆమెకు ఇంట్లో పేరు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని మేనత్త పెట్టింది. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చినా, ఆరేళ్లపాటు బడిలో సైన్సు పాఠాలు చెప్పినా ఆ పేరు మాత్రం ఆమెతోపాటు ఎదగలేదు. ఆ బడి ఉద్యోగం మానేసి, నీళ్ల తొట్టిలో పట్టే పచ్చటి పాచి మీద పరిశోధన చేస్తానని దరఖాస్తు పెట్టుకుంది. మీరూ నేనూ తిట్టుకుంటూ గీకి పారేసే పాచిని కూర్చోబెట్టి దాని యోగక్షేమాలు విచారిస్తానని ఒక మనిషి ముందుకు రావడం విశ్వవిద్యాలయం వారికి ముచ్చటేసింది. "పరిశోధక విద్యార్థిని మరియు ఆచార్యుల సహాయకురాలు" అని రెండు హోదాలు ఒకే కాగితం మీద ప్రసాదించారు.

కాగితం పై సగమంతా అభినందనలు. కింది సగంలో ఉన్నవి రెండే ముక్కలు. సహాయకురాలు ఆచార్యులవారి గది బాధ్యతలు చూడవలెను, ఇది ఒకటి. చేరిన ముప్పై దినములలోగా తన పరిశోధన ప్రణాళికను ఆచార్యులవారిచేత చదివించి సంతకం పొందవలెను, పొందనిచో సీటు తదుపరి అభ్యర్థికి చెందును, ఇది రెండోది. బడిలో పిట్ట కుర్చీలో అప్పటికే ఇంకొకామె కూర్చుని పాఠాలు మొదలుపెట్టేసింది. వెనక్కి దారి లేదు. అయినా ఒక పెద్దమనిషికి నలభై పేజీలు చదవడానికి నెల రోజులు చాలవా అనుకుంది పిట్ట. మంచి పిల్ల. అలాగే అనుకుంటుంది.

మొదటి రోజు మూడో అంతస్తు ఎక్కి, వసారా చివరి గది తలుపు తోసింది. నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు. పెద్ద బల్ల. బల్ల మీద తెరిచిన పుస్తకం, దాని మీద కళ్లజోడు, పక్కన మూత తీసిన పెన్ను, సగం తాగిన టీ. కిటికీ వైపు తిప్పి ఉన్న చక్రాల కుర్చీ. కుర్చీకి నిండుగా, భుజాలు నిటారుగా, బూడిదరంగు కోటు. పిట్ట చేతులు జోడించి నమస్కారమండీ అంది. జవాబు రాలేదు. పెద్దవాళ్లు ఆలోచనలో ఉంటే పలకరని ఆమెకు తెలుసు. గోడ గడియారం ఇరవై నిమిషాలు తిరిగే దాకా చేతులు దించకుండా నిలబడింది.

అప్పుడు పాత సహాయకురాలు వచ్చింది. చేతిలో తాళం చెవి, భుజానికి సంచి, వెళ్లిపోయే మనిషి వాలకం.

"ఎంతసేపయింది నిలబడి?"

"ఇప్పుడేనక్కా. సారు ఆలోచనలో ఉన్నారు."

"ఆలోచన కాదమ్మా, అది కోటు. సిగ్గుపడకు. నేను నాలుగు రోజులు నిలబడ్డాను. నాకు ముందు పనిచేసినాయన వారం నిలబడి, సారు నా మాట ఎంత ఓపికగా విన్నారో అని ఇంటికి ఉత్తరం కూడా రాశాడు."

తర్వాత ఆమె బాధ్యతలు అప్పగించింది, అత్తగారు కొత్త కోడలికి వంటిల్లు అప్పగించినట్టు. తొమ్మిదింటికి కోటు కొక్కెం మీది నుంచి కుర్చీకి రావాలి. పదకొండింటికి కప్పు నిండా టీ పోయించి, అందులో సగం పారబోయాలి. నిండుగా ఉంటే తాగలేదని తెలిసిపోతుంది, ఖాళీగా ఉంటే కడిగిన కప్పనుకుంటారు.

"పుస్తకం రోజుకొక పేజీ తిప్పు. రెండు తిప్పకు. అంత చదువుతారంటే ఇక్కడ ఎవరూ నమ్మరు."

"ఎవరైనా వస్తే?"

"సారు ఇప్పుడే బయటికి వెళ్లారు, రేపు రండి అను. ఆ 'ఇప్పుడే' దగ్గర కాస్త నొక్కి పలుకు. వచ్చినవాళ్లకు, అయ్యో ఒక్క నిమిషంలో తప్పిపోయామే అనిపించాలి. తప్పు వాళ్లది అవుతుంది."

"మరి సారు ఎప్పుడొస్తారక్కా?"

"ఏడేళ్ల కిందట నేనూ ఇదే అడిగాను," అంది ఆమె, తాళం చెవి పిట్ట చేతిలో పెడుతూ. "నాకు డిగ్రీ వచ్చిందా అని మాత్రం అడగలేదు నువ్వు. మర్యాద తెలిసిన పిల్లవి."

ఇంకొక బాధ్యత కూడా ఉంది. గుమ్మం పక్కన హాజరు పుస్తకం. కోటు కుర్చీకి ఉంటే ఆచార్యులవారు హాజరు, కొక్కేనికి ఉంటే సెలవు. గంట గంటకీ చూసి రాసి, పక్కన సహాయకురాలు పొడి అక్షరాలు వేయాలి. ఇందులో అబద్ధమేమీ లేదని గమనించ ప్రార్థన. కోటు ఆయనదే, కుర్చీ ఆయనదే, రాసే చెయ్యి ఒక్కటే పిట్టది.

ఇంతకీ ఆచార్యులవారు ఎక్కడుంటారని మీరు అడగవచ్చు. విశ్వవిద్యాలయంలో ఎవరూ అడగరు. ఆయన మూడు ఊళ్లలో మూడు విద్యాసంస్థలకు మార్గదర్శకులని, మూడు చోట్లా మూడు కోట్లున్నాయని, ఒక కోటు నుంచి ఇంకొక కోటుకు ప్రయాణంలోనే ఉంటారని అటెండరు చెప్పాడు. అటెండరు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న పెద్దమనిషి. పిట్ట ఆయన్ని బాబాయ్ అని పిలిచేది.

"మీరు సార్ని చూశారా బాబాయ్?"

"చూడకేం. రెండేళ్ల కిందట లిఫ్టు దగ్గర. తలుపులు మూసుకుంటుంటే మోచెయ్యి కనపడింది. మంచి మనిషమ్మా."

ఇది మన సారు ఒక్కరి గొప్పతనమే అనుకోకండి. పక్క గదిలో చరిత్ర బోధించే ఆచార్యులవారు గొడుగు. ఎదుటి గదిలో తత్వశాస్త్రం చెప్పే మేడమ్ గారు చేతిసంచి. కింది అంతస్తులో లెక్కలాయన టిఫిన్ క్యారియర్ పెట్టి వెళ్లారు గాని, మూడో వారానికి వాసన వచ్చి ఆయన్ని దీర్ఘకాలిక సెలవు మీద పంపేశారు. పిట్ట చేరిన రెండో వారంలో ఆచార్యుల మహాసభ జరిగింది. కోటును జాగ్రత్తగా మోసుకెళ్లి రెండో వరుసలో కూర్చోబెట్టింది. పక్కన గొడుగు, ఆ పక్కన చేతిసంచి. కోరం సరిపోయిందని ప్రకటించారు. ఉపకులపతి గారి ప్రసంగం లౌడుస్పీకరులో వినిపించింది. ఆయన ముందే రికార్డు చేసి పంపించారు.

"ఈ సభలో క్రమశిక్షణను కళ్లారా చూస్తుంటే నా హృదయం పొంగిపోతోంది," అంది లౌడుస్పీకరు. "ఒక్కరు మధ్యలో లేవలేదు. ఒక్కరు ఫోను చూసుకోలేదు. నా ప్రతిపాదనలకు ఒక్కరు అడ్డు చెప్పలేదు. ఇలాంటి ఆచార్యులున్నంతకాలం ఈ సంస్థకు చావు లేదు."

తీర్మానాలన్నీ ఏకగ్రీవం. గొడుగు ఒక్కటి మధ్యలో జారి కిందపడింది. అసమ్మతిగా నమోదు చేసి, సంజాయిషీ అడిగారు.

ఇలా సందడిగా ఇరవై రోజులు గడిచాయి. పిట్ట ప్రణాళిక మాత్రం సారు బల్ల మీద, కళ్లజోడు పక్కనే పడి ఉంది. రూలు ప్రకారం విద్యార్థుల కాగితాలు ముందు సహాయకురాలికి ఇవ్వాలి. కాబట్టి విద్యార్థిని పిట్ట తన కాగితాలు సహాయకురాలు పిట్టకు సమర్పించుకుంది. సహాయకురాలు పిట్ట "స్వీకరించడమైనది" అని ముద్ర వేసింది. మర్నాడు విద్యార్థిని పిట్ట వచ్చి ఏమైందని అడిగింది. సారు ఇప్పుడే బయటికి వెళ్లారు, రేపు రండి అనక తప్పలేదు. విద్యార్థిని మొహం మాడ్చుకుని వెళ్లి, తిరిగి సహాయకురాలి బల్ల దగ్గరే కూర్చుంది. ఇంకెక్కడ కూర్చుంటుంది పాపం.

సాయంత్రాలు తల్లి ఫోన్ చేసేది.

"మీ సారు చదివాడా?"

"చదువుతున్నారమ్మా. రోజుకొక పేజీ."

"నీదా?"

"నాది కాదు."

"చూడవే, మీ నాన్న రోజూ గోడ మీద తారీకులు కొట్టేస్తున్నాడు. నువ్వు నోరు తెరిచి అడగవు. చిన్నప్పుడు పాలు కావాలన్నా గోడవైపు తిరిగి అడిగేదానివి."

"ఇక్కడా అంతేనమ్మా. గోడవైపు తిరిగే అడుగుతున్నాను."

ముప్పయ్యో రోజు వచ్చింది. ఐదింటికి ఆఫీసు మూస్తారు, ఆపైన సీటు ఇంకొకరిది. పిట్టకు పొద్దున్నుంచి అన్నం సయించలేదు. మూడింటికి హాజరు పుస్తకంలో "ఆచార్యులవారు హాజరు" అని రాసి తల ఎత్తేసరికి, గుమ్మంలో చొక్కా చేతులు మడుచుకున్న పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. చలికి మోచేతులు రుద్దుకుంటున్నాడు.

"లోపలికి రావచ్చా అమ్మా?"

నెల రోజుల అలవాటు నోటికి ఊరుకుంటుందా. "సారు ఇప్పుడే బయటికి వెళ్లారండీ. రేపు రండి."

ఆయన గదిలోకి తొంగి చూశాడు. కోటు, కళ్లజోడు, సగం తాగిన టీ.

"ఇప్పుడేనా?"

"ఇప్పుడేనండీ."

"అయ్యో. ఒక్క నిమిషంలో తప్పిపోయానన్నమాట," అని నొచ్చుకుంటూ, వచ్చినంత మర్యాదగానూ వెళ్లిపోయాడు.

అటెండరు స్టూలు మీది నుంచి మెల్లగా లేచాడు. "అమ్మా, ఆ మోచెయ్యి నేను చూసిన మోచెయ్యే."

పిట్ట ప్రణాళిక పట్టుకుని పరుగు తీసింది. రెండో అంతస్తు మెట్ల మీద దొరికించుకుంది.

"మీరే సారా అండీ?"

"అనే అనుకుంటున్నానమ్మా. చలిగా ఉంటే కోటు తీసుకుందామని వచ్చాను. గది చూశాక నాకే అనుమానం వచ్చింది. నాకంటే ఆయనే శ్రద్ధగా పని చేస్తున్నట్టున్నాడు."

పిట్ట గుక్క తిప్పుకోకుండా సంగతి చెప్పింది. ఆయన కరిగిపోయి, మోకాలి మీద కాగితాలు పెట్టుకుని, చివరి పేజీలో సంతకం గీకాడు.

"చదవరా సార్?"

"కళ్లజోడు పైనుంది కదమ్మా. ఆయన్ని ఇబ్బంది పెట్టడం దేనికి," అని, నాలుగింటికి వేరే కోటు దగ్గర పని ఉందని మెట్లు దిగిపోయాడు.

పిట్ట గాలిలో తేలుతూ హెడ్ గుమాస్తా దగ్గరకు వెళ్లింది. హెడ్ గుమాస్తా నియమాలకు పుట్టినిల్లు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ సంతకం ఎక్కడ పెట్టారు?"

"మెట్ల మీదండీ. మూడింటికి."

ఆయన హాజరు పుస్తకం తెప్పించి వేలు పెట్టి చూపించాడు. "మూడింటికి సారు గదిలో ఉన్నట్టుంది. ఈ రాత ఎవరిది?"

"నాదేనండీ."

"మరి మెట్ల మీద సంతకం పెట్టిన మనిషెవరు?"

మెట్ల మీదున్నది సారయితే హాజరు రాత అబద్ధం, ఉద్యోగం పోతుంది. హాజరు రాత నిజమైతే సంతకం అబద్ధం, సీటు పోతుంది.

"చూడమ్మాయ్, నేను కఠినుణ్ణి కాదు," అన్నాడు హెడ్ గుమాస్తా. "దారిన పోయేవాళ్ల సంతకాలు మాకు పనికిరావు. ఆ పేజీ తీసేసి కొత్తది పెట్టు. సారు కుర్చీలో ఉండగా చదివించి, నా కళ్లముందు సంతకం చేయించు. నాలుగున్నరకి నేనే వస్తాను."

పిట్ట గదికి తిరిగొచ్చి చివరి పేజీ మార్చింది. కుర్చీని చూసింది. కుర్చీ కిటికీలోకి చూస్తోంది. ఇంకేం చేస్తుంది, కోటు తీసి తొడుక్కుంది. మోకాళ్లదాకా వచ్చింది. కుర్చీలో కూర్చుని, ఖాళీగా ఉండటమెందుకని ప్రణాళిక మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. రాసినప్పుడు కనపడని తప్పులు ఆ కుర్చీలోంచి కనపడ్డాయి. పాచి రెండు రోజుల్లో పడుతుందని నాలుగో పేజీలో, ఐదు రోజుల్లో అని పదకొండో పేజీలో ఉంది. దిద్దింది. ఆ గదిలో ఒక కాగితాన్ని ఒక మనిషి మొదటి నుంచి చివరి దాకా చదవడం, అటెండరు లెక్క ప్రకారం, ముప్పై ఏళ్లలో అదే మొదలు.

నాలుగున్నరకు హెడ్ గుమాస్తా వచ్చాడు. కుర్చీ వెనక నిలబడి నమస్కారం సార్ అన్నాడు. బూడిదరంగు చెయ్యి ఒకటి కదిలి, ఆఖరి పేజీలో సంతకం చేసింది. పిట్ట దొంగసంతకం పెట్టే పిల్ల కాదు. తన పేరే రాసింది, గుండ్రంగా, బడిలో నల్లబల్ల మీద రాసినంత స్పష్టంగా. హెడ్ గుమాస్తా కోటు చెయ్యి చూశాడు, సిరా తడి చూశాడు, ముద్ర వేశాడు. పేరు చదవమని ఏ రూల్లోనూ లేదు.

"సారు కుర్చీలో ఉంటే పని ఎంతలో అయిపోయిందో చూశావా," అని అటెండరుతో అంటూ చుట్టూ చూశాడు. "ఆ పిల్ల ఏది? ముఖ్యమైన వేళకు మనిషి కనపడదు." వెళ్తూ వెళ్తూ హాజరు పుస్తకం తెరిచి, సహాయకురాలు గైరుహాజరు అని రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు.

సీటు నిలబడింది. తండ్రి గోడ మీద తారీకులు కొట్టడం మానేశాడు. "మీ సారు మంచివాడేనే, అనవసరంగా తిట్టుకున్నాను," అంది తల్లి. ఆపైన ఏడాదంతా ఎవరి ప్రణాళిక వచ్చినా పిట్ట కోటు తొడుక్కుని పూర్తిగా చదివింది, తప్పులు దిద్దింది, తన పేరే సంతకం చేసింది. ఏడాది చివర, ప్రతి విద్యార్థి రాతనూ స్వయంగా చదివిన ఏకైక ఆచార్యులుగా మన సారుకు బంగారు పతకం ప్రకటించారు. కోటును వేదిక మీదికి మోసుకెళ్లింది పిట్టే. పతకం కోటుకే గుచ్చారు. చప్పట్లు ఆగలేదు. చివరి వరుసలో చొక్కా చేతుల పెద్దమనిషి ఒకాయన కూడా లేచి నిలబడి, అందరికంటే గట్టిగా కొట్టాడు.

నవ్వారు, సంతోషం. మరి నిన్న బస్సులో ఖాళీ సీటు మీద ఎవరిదో చేతిరుమాలు ఉంటే, ఆ రుమాలును కూర్చోనిచ్చి మనమందరం నిలబడే ప్రయాణం చేశాం కదా. అందుకని ఈ సంగతి గుర్తుపెట్టుకుని ఇంకో నలుగురికి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం మీరే వెళ్లి కూర్చుని చెప్పండర్రా. మీ కోటును పంపించకండి.