ఉన్నన్నాళ్ళూ కనిపించని లైబ్రరీ

ఒక కట్టడం కలకాలం నిలవాలంటే ఏం చెయ్యాలి? ఏటేటా సున్నం కొట్టించాలని కొందరంటారు. పునాదికి సిమెంటు పట్టించాలని మరికొందరంటారు. అందరూ పొరబడుతున్నారు. దాన్ని కూల్చెయ్యాలి!

నవ్వకండి. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. ఆధారం లేనిదే నోరు విప్పను. నిరూపణకు మా ఊరొక్కటి చాలు.

మా ఊళ్ళో పాత బస్టాండు తెలియనివారు లేరు. అక్కడ బస్సు ఆగి ఇరవై రెండేళ్ళయింది. ఇప్పుడున్నది మూడంతస్తుల బట్టల కొట్టు. కొత్త బస్టాండు ఒకటుంది, అందులో బస్సులు కూడా ఉన్నాయి. కానీ పాపం, 'పాత బస్టాండుకి కిలోమీటరు అవతల' అంటే తప్ప అదెక్కడుందో ఎవరికీ వెలగదు. గడియారస్తంభం సెంటరులో గడియారమూ లేదు, స్తంభమూ లేదు. సెంటరు మాత్రం నిక్షేపంగా ఉంది. పళ్ళ డాక్టరుగారి మేడ దగ్గర ఇప్పటికీ జనం ఆటో దిగుతారు. డాక్టరుగారు పోయారు, మేడ పోయింది, ఆయన పీకిన పళ్ళ సంగతి సరేసరి. మూడు దీపాల వీధిలో మూడు దీపాలు ఏనాడూ వెలగలేదని పాత రికార్డులు తిరగేసి కనిపెట్టాను. వెలిగింది ఒకటే. తక్కిన రెండూ మంజూరయ్యాయి.

ఇక మా ఇల్లు. ఏనుగు పడిపోయిన చోటుకి నాలుగిళ్ళ అవతల.

ఏ ఏనుగు? ఎప్పుడు పడింది? ఎందుకు పడింది? హేతువాదిని గనక ఊరుకోలేక విచారణ జరిపాను. పదకొండుమంది ప్రత్యక్ష సాక్షులు దొరికారు. వారి సాక్ష్యాలను పోల్చి చూడగా, మొత్తం నాలుగు ఏనుగులు మూడు వేర్వేరు వీధుల్లో పడ్డాయనీ, వాటిలో ఒకటి ఒంటె అనీ తేలింది.

ఈ పరిశోధనను నా భార్య ఒక్క ముక్కతో కొట్టిపారేసింది. "ఏనుగు పడితే మీకేం, పడకపోతే మీకేం? గ్యాస్ బండ తెచ్చేవాడికి మనిల్లు తెలిసిందా లేదా?"

తెలిసింది! అదీ ఈ పద్ధతి మహత్తు. ఫోనులో దారి చెప్పే అమ్మాయిని నమ్ముకుని వచ్చిన నా తోడల్లుడు మురుగుకాలవ గట్టున గంటసేపు కారులో కూర్చున్నాడు. లేనివాటిని నమ్ముకున్నవాడు మా ఊళ్ళో ఇంతవరకూ దారి తప్పలేదు. ఆలోచించండి! ఉన్నది రేపు మారవచ్చు. లేనిది ఎలా మారుతుంది?

ఇంత తెలిసినవాణ్ణయి కూడా ఒక తప్పు చేశాను. అది చెప్పడానికే ఈ ఉపోద్ఘాతం.

మా ఊళ్ళో ఒక లైబ్రరీ ఉండేది. రెండు గదులు, ఒక వరండా, ఒక కాలు పొట్టిదైన పొడవాటి బల్ల, ఆ కాలి కింద ఎత్తుకోసం విజ్ఞానసర్వస్వం మూడో సంపుటం. నేను రోజూ పదింటికల్లా అక్కడుండేవాణ్ణి. నాతోపాటు పేపరు కోసం ఇద్దరు, ఫ్యాను కోసం ఐదుగురు వచ్చేవారు. పందొమ్మిదేళ్ళుగా దాన్ని కంటికి రెప్పలా కాచుకొచ్చిన లైబ్రేరియనమ్మకు ఏ పుస్తకం ఏ అరలో ఉందో, ఏ పుస్తకంలో ఏ పేజీ ఎవరు చింపారో కూడా తెలుసు.

యాభై ఏళ్ళు నిలబడిన ఆ భవనం ఏ ఒక్కరి అడ్రసులోకీ ఎక్కలేదు! దాని అడ్రసే 'సోడా ఫ్యాక్టరీ ఎదురుగా'. ఆ ఫ్యాక్టరీ నా పెళ్ళికి ముందే మూతబడింది. ఇప్పుడక్కడ ఉన్నది టైర్లకు గాలి కొట్టే షాపు.

లైబ్రరీని తీసేసి షాపింగ్ కాంప్లెక్సు కడతామనీ, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపాలనీ మున్సిపాలిటీవారు నోటీసు అంటించారు. నా అభ్యంతరం తీసుకుని వెళ్ళాను. గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లైబ్రరీ ఎక్కడుందండీ మనూళ్ళో?"

"సోడా ఫ్యాక్టరీ ఎదురుగా."

"ఓహో, అదా! రోజూ దాని గోడవారనే కదండీ బండి పెడతాను. అది లైబ్రరీయా? నేనింకా ఏదో గోడౌనేమో అనుకుంటున్నా!"

అభిమానం దెబ్బతింది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించి తీరాలనుకున్నాను. సర్వే నంబరు, తలుపు నంబరు, నాలుగు హద్దులు, వీధి మలుపు నుంచి దూరం, అన్నీ వేసి అభ్యంతరం తిరగరాశాను. దానికి ఒక పటం జతపరిచాను. స్కేలు ప్రకారం గీసిన పటం! లైబ్రరీకి ఎర్ర సిరా. టేపు రెండో కొస పట్టుకున్నది లైబ్రేరియనమ్మే.

"గురువుగారూ, ఇన్ని కొలతలు కావాలంటారా?" అంది ఎండలో నిలబడి.

"అమ్మా, సత్యమన్నాక కొలతలుండాలి" అన్నాను. జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే వాక్యాలు మనిషికి నాలుగైదుంటాయి. నాకిది మొదటిది.

నెల తిరిగింది. ఒక సోమవారం పక్క ఊరి నుంచి జేసీబీ దిగింది. అప్పుడు బయటపడింది మా ఊరి అసలు సత్తా. దానికి లైబ్రరీ దొరకలేదు!

పాత బస్టాండు దగ్గర టీకొట్టాయన్ని అడిగితే, "లైబ్రరీయా? మనూళ్ళో అట్లాంటివేం లేవు నాయనా, పక్కూళ్ళో చూడు" అన్నాడట. డ్రైవరు గడియారస్తంభం చుట్టూ తిరిగాడు, మూడు దీపాల వీధిలో ఇరుక్కున్నాడు, మంగళవారం ఏనుగు పడిపోయిన చోట బండి ఆపి మా ఇంట్లోనే మంచినీళ్ళు తాగాడు. నేను లైబ్రరీలో ఉన్నానని చెప్పడానికి నోటిదాకా వచ్చిన మాటను నా భార్య మంచినీళ్ళతోపాటు మింగిందట. అక్కడ లైబ్రేరియనమ్మ యథావిధిగా పదింటికి తాళం తీస్తోంది, ముద్రలు వేస్తోంది. ఏ కోర్టు ఇవ్వగలదండీ ఇలాంటి స్టే?

నాలుగోరోజు పదింటికి ఆ జేసీబీ డ్రైవరే చెమటలు కక్కుతూ వరండా ఎక్కాడు. చేతిలో ఒక కాగితం.

"ఇదేనాండీ లైబ్రరీ? మూడ్రోజుల్నుంచి గానుగెద్దులా తిరుగుతున్నాను సార్! ఎవర్నడిగినా లేదనేవాళ్ళే. పొద్దున ఆఫీసులో ఈ పటం ఇచ్చారు. ఏ మహానుభావుడు గీశాడో గానీ, దండం పెట్టాలి సార్ ఆయనకి. కళ్ళు మూసుకుని వచ్చేశాను!"

ఎర్ర సిరా ఏమాత్రం వెలిసిపోలేదు.

లైబ్రేరియనమ్మ పటాన్ని చూసింది. నన్ను చూసింది. "ఉత్తర దిక్కు బాణం కూడా భలే కుదిరింది, గురువుగారూ" అంది.

పుస్తకాలు నీళ్ళ ట్యాంకు కింద పంపుగదిలోకి చేరాయి. సాయంత్రానికి గోడలు నేలకు చేరాయి. మూడో సంపుటం బల్లకాలి కింది నుంచి మొట్టమొదటిసారి బయటికొచ్చింది.

ఆ వారంలోనే నా సిద్ధాంతం రుజువైంది, మహాశయులారా! టైర్ల షాపువాడు బోర్డు మార్చి 'లైబ్రరీ ఎదురుగా' అని రాయించాడు. గ్యాస్ బండ తెచ్చేవాడు "లైబ్రరీ మీదుగా వచ్చేశానండీ" అంటున్నాడు. మా గుమాస్తా "ఇదివరకు లైబ్రరీ దగ్గర హాయిగా బండి పెట్టుకునేవాణ్ణి" అని నిట్టూరుస్తున్నాడు. తమ బాల్యమంతా అక్కడే చదువుకుంటూ గడిచిందని చెప్పే ప్రత్యక్ష సాక్షుల సంఖ్య పదకొండుకు చేరింది. ఈ ఊపులో మున్సిపాలిటీవారు హైస్కూలునూ ఆసుపత్రినీ కూడా పడగొడితే, వాటినీ ఊరు గుండెల్లో పెట్టుకుంటుంది. పటాలు గీసిపెట్టడానికి నేనున్నాను.

మొన్న లైబ్రేరియనమ్మ ఫోన్ చేసింది. ఆమెనిప్పుడు జనన మరణాల సెక్షనులో కూర్చోబెట్టారు.

"గురువుగారూ, మీ దగ్గరొక పుస్తకం ఉండిపోయింది. గడువు దాటి నెలైంది."

"ఎక్కడికి తెమ్మంటావమ్మా?"

"లైబ్రరీ దగ్గరికి రండి" అంది.

వెళ్ళాను. చుట్టూ రేకులు, లోపల నిలువెత్తు గొయ్యి. ఆమె సంచిలోంచి రిజిస్టరూ ముద్రా తీసి, రేకుకు ఆనించి, తేదీ సరిచూసి, 'వాపసు ముట్టినది' అని ముద్ర వేసింది. పుస్తకం చేతిలో పట్టుకుని, పెట్టడానికి అర కోసం అలవాటుగా పక్కకు తిరిగింది. తిరిగి, మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

అంతలో ఎవరో కొత్త మనిషి బండి ఆపాడు.

"అక్కా, సోడా ఫ్యాక్టరీ అంటే ఎటండీ?"

"అదిగో, లైబ్రరీకి ఎదురుగా" అంది ఆమె, చెయ్యి చూపించి.

అతను గొయ్యి వైపు ఒకసారి చూసి, తలూపి, సరిగ్గా అక్కడికే వెళ్ళాడు.