నేటి స్పెషల్ ఓబక్క

ఆ ఉదయం సంజీవమ్మ అనుకున్నది చిన్న పనే. సంగటి కెలికి, కారం దట్టించి చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి, నూరి, మధ్యాహ్నం హొసకోట బస్సులో దిగే ఆడబిడ్డ ఓబక్కకు కడుపునిండా పెట్టాలి. ఆమె చేయి కడుక్కునేలోపు తమ ఇంటి వెబ్‌సైట్‌ను ఫోన్లో చూపించాలి. దాంతో దేవర పెట్టె తన ఇంట్లోనే దిగిపోవాలి.

మామ పోయినప్పటి నుంచి ఇంటిదేవర పెట్టె ఓబక్క దగ్గరే ఉంది. అది ఇప్పుడు తమ్ముళ్లిద్దరిలో ఒకరికి చేరాలి. ఎవరికన్నది ఓబక్క ఇష్టం. పెద్ద తమ్ముడు నల్లప్ప, సంజీవమ్మ భర్త. చిన్న తమ్ముడి భార్య దాసమ్మది కింది వీధి. పెట్టె ఉన్న ఇంటికి కూటివేళకు ఎవరొచ్చినా ఆకలితో పంపకూడదన్నది కట్టడి. అదేమంత బరువు కాదని తోటికోడళ్లిద్దరూ అనుకున్నారు. వాళ్ల ఊరు క్యాతగానచెర్లులో ఎవరింట్లో వాళ్లకు ఇంత సంగటి ఉంది.

చిక్కంతా దాసమ్మ కొడుకు గిరీశ్ చేసిన కుటుంబం వెబ్‌సైట్‌తో వచ్చింది. మొన్నటి పెళ్లిలో చుట్టాలంతా దాని మీదికే తలలు వంచారు. అందులో దాసమ్మ పట్టుచీరలో నిండుగా ఉంది. సంజీవమ్మ ఓ మూల, సగం ముఖంతో, చేతిలో సాంబారు గరిటెతో ఉంది. ఆ గరిటె అప్పటి నుంచి ఆమె కడుపులో తిరుగుతూనే ఉంది.

"గిరీశ్‌ను అడిగితే మనకూ చేసిస్తాడు కదమ్మే" అన్నాడు నల్లప్ప.

"వాడు చేస్తే దాంట్లోనూ నా మొగం సగమే ఉంటాది. నేనే చేసుకుంటా."

ఫోన్లో వెతికితే వెబ్‌సైట్లు చేసే సాఫ్ట్‌వేర్లు బోలెడు కనిపించాయి. మొదటిది ఇంగ్లీషులో ప్రశ్న మీద ప్రశ్న వేసింది. పెళ్లిచూపుల్లో కూడా తననెవరూ ఇన్ని అడగలేదని మూసేసింది. రెండోది బాగానే ఉంది కానీ దాని రంగు అచ్చం గిరీశ్ దానిలా ఉంది. మూడోది బొమ్మ మీద వేలు పెట్టి మార్చుకోమంది. అదే సులువు. దాని నమూనాల్లో ఒకచోట పొడుగాటి బల్ల చుట్టూ బోలెడు మంది నవ్వుతూ తింటున్నారు. దాసమ్మ కుటుంబానికి అది రెండింతలుంది. సంజీవమ్మ మరి దేన్నీ చూడలేదు.

ఆ బొమ్మ కింద వరుసగా గళ్లు, గడికో వంటకం. వంటకాలు తీసేసి మనుషుల్ని పెట్టింది. ఒక గడి మీదున్న 'స్పెషల్' అన్న మాట బస్సుల మీద చూసి తెలుసు కనుక ఆ గడి ఓబక్కకిచ్చింది. చిట్టచివరి గడి దాసమ్మకు. దాని మీద ఎర్రపట్టీ ఒకటి అడ్డంగా ఉంది. ఏం రాసుందో తెలియలేదు గానీ, సరిగ్గా దాసమ్మ ముఖం మీదుగా పోయింది. అది చాలు. మ్యాపులో ఇంటి గుర్తు, ఫోన్ నంబరు అడిగితే అవీ ఇచ్చేసింది. సోలార్ ప్లేట్ల దగ్గర కాపలా కాసే నల్లప్ప మురిసిపోయి, దాన్ని అక్కడి పనివాళ్ల గ్రూపులో పడేశాడు.

మధ్యాహ్నం తలుపు తీస్తే వాకిలి నిండా హెల్మెట్లు. ముందున్న సోలార్ పనివాడు ధనంజయ చేతులు జోడించాడు.

"అక్కా, టేబుల్ బుక్ చేసినాం. యాడుండాది?"

"ఏం టేబులప్పా?"

"మీ హోటల్లో టేబులు. క్యాంటీన్ సాంబారు తినీ తినీ నాలిక చచ్చిపోయింది." ధనంజయ ఫోన్లో ఓబక్క ఫోటో చూపించాడు. "నేటి స్పెషల్ అని రాసినారు. ఈ యమ్మేనా వండేది?"

సంజీవమ్మ వాళ్లను తరిమేలోపు వెనకే ఓబక్క దిగింది, నెత్తిన పెట్టెతో.

"ఎవురే వీళ్లంతా?"

"ఆకలని వచ్చినారు వదినా" అంది సంజీవమ్మ. అబద్ధం కాదు కదా.

ఓబక్క ముఖం విప్పారింది. "పెట్టె దించకముందే వచ్చినారా! దేవరే పంపినాడు. పొయ్యి రాజెయ్, ఇంగో ఎసరు పెట్టు!"

పెట్టె పీట మీద కూర్చుంది. సంజీవమ్మ గాల్లో తేలింది. అంతలో దాసమ్మ ఊడిపడింది.

"ఏమక్కా, నన్ను అమ్మేసినావంట! ఎర్రపట్టీలో సోల్డ్ ఔట్ అని ఉండాదంట, అంటే అమ్ముడుపోయినట్లని గిరీశ్ చెప్పినాడు!"

"కొట్లాట తర్వాత" అంది ఓబక్క. "గరిటె పట్టుకోని ఊరిబిండి వడ్డించు పో."

దాసమ్మ గరిటె పట్టింది. సంజీవమ్మ చటుక్కున ఫోటో తీసింది. సగం ముఖమే పడేలా చూసుకుంది.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ధనంజయ చేయి కడుక్కుని, "బిల్లెంతక్కా?" అన్నాడు.

దాసమ్మకు కావలసింది అదే. "వదినా, ఈమె హోటల్ పెట్టింది! దాంట్లో స్పెషల్ నువ్వే!"

"నేను అమ్మలేదు వదినా, ఆ సాఫ్ట్‌వేర్..."

"కూడు అమ్మే ఇంట్లో దేవర కూసోడు." ఓబక్క పెట్టె తీసి దాసమ్మ నెత్తిన పెట్టింది. దాసమ్మ తోటికోడలి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు సంజీవమ్మ ఒళ్లంతా ఊరిబిండి పూసినట్టు మండింది.

"అయితే దుడ్లు వద్దామ్మా?" అన్నాడు ధనంజయ బెదురుగా.

"పెట్టె దగ్గర దుడ్లేంది నాయనా? ఆ పెట్టె యాడుంటే ఆడికి పోయి తినేదే."

"రేపు కూడానా?"

"ఎన్నాళ్లయినా."

హెల్మెట్లన్నీ దాసమ్మ వైపు తిరిగాయి. దాసమ్మ గడపలోనే నిలబడిపోయింది. కానీ నెత్తికెత్తిన పెట్టెను సొంత ఇల్లు చేరేదాకా దించకూడదు.

ఊరేగింపు కింది వీధి మలుపు తిరిగాక సంజీవమ్మ అరుగు మీద కూర్చుని ఫోన్ తెరిచింది. చివరి గడిలో ఎర్రపట్టీ తీసేసి దాసమ్మ గరిటె ఫోటో పెట్టింది. మ్యాపులో ఇంటి గుర్తును తన వాకిలి మీద నుంచి వేలితో లాగి కింది వీధిలో వదిలింది.

సాఫ్ట్‌వేర్ నిజంగానే సులువుగా ఉంది.