వెనకాల మసక, ముందు కుర్చీ

కళ్లు శుద్ధ దండగ! అవునండీ, బాగా ఆలోచించే అంటున్నాను. వీడియో మీటింగుల్లో మన వెనకున్నదంతా మసకగా చెరిపేసే బ్లర్ అనే సదుపాయం వచ్చాక, ఈ రెండు కళ్లూ కళ్లజోళ్ల షాపువాడి బతుకుతెరువుకి తప్ప ఎందుకూ పనికిరావు.

చాలామంది బ్లర్‌ని ఆడిపోసుకుంటారు. చెవి కోసేసిందనీ, సగం జుట్టు మింగేసిందనీ! ఎంత కృతఘ్నత!

అసలు మన కంటికి ఎంత చాకిరీయో మీకేమైనా తెలుసా? దానికి అందేది కాస్త వెలుగూ, కాస్త నీడా, నాలుగు రంగు మరకలూ. అంతే! వాటిల్లో అంచులు వెతుక్కోవాలి. ఇక్కడితో బల్ల అయిపోయింది, ఇక్కణ్ణుంచి బావమరిది మొదలయ్యాడు అని తేల్చుకోవాలి. కర్టెన్ కింద రెండు పాదాలు కనిపిస్తే, పైన మిగతా మనిషి కూడా ఉండే ఉంటాడని పూరించుకోవాలి. కలిసి కదిలేవన్నీ ఒకటే అనుకోవాలి. మా బావమరిది గంటలకొద్దీ కదలడు కాబట్టి అతన్ని సోఫాలో కలిపెయ్యాలి. పొద్దున లేచింది మొదలు ఇదే పని! జీతమా, బత్తెమా?

ఈ బరువంతా బ్లర్ తన నెత్తిన వేసుకుంది. ఇది మనిషి, ఇది చెత్త అని క్షణంలో తేల్చేస్తుంది. నా వెనక మంచం మీదున్న ఇస్త్రీ బట్టల గుట్ట మాయం! గోడ మీద మా పాప గీసిన ఏనుగు మాయం! ఆమధ్య మా ఆవిడ టీ తెచ్చింది. మనిషి మాయం, చెయ్యి మాయం, కప్పు మాత్రం గాల్లో తేలుతూ వచ్చి నా ముందు వాలింది. ఆ రోజు నుంచి మా టీమ్‌లో పెద్దాయన ఒకరు నాతో చేతులు కట్టుకుని మాట్లాడుతున్నారు.

ఆ తర్వాత నేను కొత్త కుర్చీ కొన్నాను. నల్లటిది, ఎత్తైన వీపు, పైన తల ఆనించుకోవడానికి గుండ్రటి దిండు. నేనా, పొట్టివాణ్ణి. వేసుకునేవి గోడరంగు చొక్కాలు. నెత్తి కూడా గోడంత నున్నగా ఉంటుంది. కుర్చీ తిరిగితే నేనూ తిరుగుతాను. కలిసి తిరిగే ఇద్దరిలో ఎవరు అసలు, ఎవరు కొసరు? బ్లర్ ఎగాదిగా చూసింది. శుభ్రమైన అంచులున్నది కుర్చీకే. కాబట్టి కుర్చీ మనిషి, నేను గోడ!

మా ఆవిడ స్క్రీన్ చూసి కంగారుపడింది. "ఇదేంటండీ, కుర్చీ మాట్లాడుతోంది! మీరేరీ?"

"ఇక్కడే ఉన్నానే."

"మరి ఆఫీసువాళ్లకి చెప్పరేం? అప్రైజల్ దగ్గరపడుతోంది. ఈసారైనా ప్రమోషన్ రావద్దూ?"

చెబుదామనే అనుకున్నాను. ఈలోగా మేనేజర్ గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. "ఈమధ్య మీలో మంచి మార్పు కనిపిస్తోందండీ. నిటారుగా కూర్చుంటున్నారు. ఆవులించడం మానేశారు. మనిషిలో ఒక నిలకడ వచ్చింది!"

ఉద్యోగంలో చేరాక ఆయన నోట నేను విన్న మొదటి మంచి మాట అది. ఇక నిజం చెప్పడానికి నోరు రాలేదు. మూడు వారాలు గోడగానే ఉద్యోగం చేశాను. హాయిగా ఉంది కూడాను!

అప్రైజల్ రోజు మాత్రం మనసు ఊరుకోలేదు. ప్రమోషన్ ఏదో సొంత మొహంతోనే అందుకోవాలని ఆశ పుట్టింది. ఎర్రచొక్కా తొడుక్కుని, బ్లర్ తీసేసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ కూర్చున్నాను.

మేనేజర్ గారు ముందుకి వంగి చూశారు. "ఎవరండీ మీరు? ఇది ఆఫీసు మీటింగ్. కాస్త అడ్డు లేచి ఆయన్ని కనిపించనివ్వండి."

"సార్, నేనేనండీ!"

"భలేవారే! ఆయన ఇలా మధ్యలో మాట్లాడే మనిషి కాదు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. లేచి పక్కకి జరిగాను. ఖాళీ కుర్చీ కనిపించగానే ఆయన మొహం విప్పారింది.

"ఆఁ, వచ్చారా! కంగ్రాట్స్ అండీ!"

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాణ్ణి మా ఆవిడ ఇప్పటికీ తిట్టిపోస్తోంది. వద్దని నేనే ఆపుతున్నాను. పాపం, ఆ బ్లర్ నన్ను చూసింది కొన్ని నెలలే. మేనేజర్ గారు తొమ్మిదేళ్ల నుంచి చూస్తున్నారు.