పతకాల కోట్లతో కొబ్బరి కేకు

ఆ బుధవారం ఉదయానికి డార్లీన్ టబ్స్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. ఫోర్ట్ బ్రాస్‌వెల్ సైనిక స్థావరంలోని కుటుంబ సహాయ కేంద్రానికి వెళ్లి, విరాళంగా వచ్చిన డైపర్లను సైజుల వారీగా సర్దాలి. మధ్యాహ్నం మిరేయా ఎస్కోబెడోను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పటాలం విదేశానికి వెళ్లినప్పటి నుంచి ఆవిడ బతుకు ఇదే. భర్త సార్జెంటు టబ్స్ కూడా ఆ పటాలంలోనే ఉన్నాడు. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని పటాలంలోని కుటుంబాల గొడవలన్నీ నెత్తిన వేసుకుంది. జీతం లేదు, నోరు మాత్రం ఉంది. ఆ నోటికి జడిసి నీళ్ల పైపులు బాగుచేసేవాళ్లు సెలవు రోజున కూడా వచ్చేవారు.

మిరేయాకు ఎనిమిదో నెల. రక్తపోటు ఎక్కువగా ఉంది, కంగారు పడితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు. పాతికేళ్లు నిండని పిల్ల. పుట్టిల్లు ఎక్కడో దూరాన ఉంది, మొగుడు తేయో ఫోను అందని కొండల్లో ఉన్నాడు. ఒకరోజు ఏడుస్తూ అడిగింది.

"అక్కా, ఆయనకేమైనా అయితే నాకెవరు చెప్తారు?"

"పిచ్చి మొహమా, ఏమీ కాదు. ఒకవేళ అలాంటి కబురే వస్తే, తెచ్చినవాళ్ల పక్కన నేనుంటాను. నేను రాలేదంటే ఏమీ కానట్టే లెక్క. సరేనా?"

సరేనంది పిల్ల. ఆ మాట పట్టుకునే రోజూ నిద్రపోయేది.

ఇక కిప్ వాండర్‌హూఫ్ సంగతి. కేంద్రానికి కొత్త మేనేజరు. అంతకుముందు ఏదో పెద్ద హోటల్లో అతిథుల సంతృప్తి చూసేవాడట. సైన్యంలో ఒక్కరోజు పనిచేసిన పాపాన పోలేదు. వచ్చీ రాగానే "ఈ నెల ఆదర్శ కుటుంబం" అని ఒక బహుమతి కనిపెట్టాడు. ఇంటికెళ్లి ఇవ్వాలట, ఫోటో పై అధికారుల పత్రికలో పడాలట. మీటింగులో డార్లీన్ "ముందు ఆ ఇళ్లలో పాడైన హీటర్లు బాగుచేయించండి సార్, సైనికుల ఇళ్ల బాధలు మీకు తెలియవు" అంటే కిప్‌కు రోషం వచ్చింది.

"ఎందుకు తెలియవండీ? మా అమ్మాయి బ్రూక్ ఈ మధ్యే నౌకాదళంలో చేరింది. నేనూ సైనిక కుటుంబమే!"

ఆ మీటింగు తర్వాత అతను డార్లీన్‌కు ఏమీ చెప్పడం మానేశాడు. మొదటి బహుమతి మిరేయాకని నిర్ణయించి, కొత్తగా వచ్చిన కెప్టెన్ రూడీని, పాస్టరు ఓగిల్స్‌బీ గారిని పిలిపించాడు.

"రోజూ వేసుకునే మచ్చల బట్టలు ఫోటోలో ఏం బాగుంటాయి? పతకాల కోట్లు వేసుకోండి. కేకు కారులోనే ఉంచండి. నేను కెమెరాతో వచ్చేదాకా విషయం ఎవరికీ చెప్పొద్దు. ఆవిడ ఆశ్చర్యపోవాలి!"

పాస్టరు గారికి మనసులో ఏదో పీకింది. "బాబూ, మేమిద్దరం ఈ కోట్లతో వాళ్లింటికి వెళ్తే..." అని మొదలుపెట్టారు.

"అద్భుతంగా ఉంటుంది పాస్టరు గారూ!" అని కిప్ ఆయన భుజం తట్టాడు. ఈ బహుమతి నియమాలన్నీ రాసిన కాగితం మీద కర్నల్ సంతకం ఉంది. సంతకం ఉన్నచోట సైన్యంలో ఎవరూ ప్రశ్న అడగరు. పతకాల కోట్లతో ఇద్దరు మనుషులు, అందులో ఒకరు పాస్టరు, చెప్పాపెట్టకుండా గుమ్మం ముందుకొస్తే దానికి ఒక్కటే అర్థమని, ఆ ఇంటి సైనికుడు ఇక లేడని, ఆ వీధుల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కిప్‌కు తెలియదు. అడిగి తెలుసుకోవాలన్న బుద్ధీ లేదు.

విల్లో వీధిలో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినవి. తెల్లకారు మెల్లగా వచ్చి, నంబరు కనబడక, మరో సైనికుడి భార్య ట్రూడీ వోజ్నియాక్ ఇంటి ముందు ఆగింది. గిన్నెలు తోముకుంటున్న ట్రూడీ కిటికీలోంచి ఆ కోట్లు చూసింది. చూసి సింకు కింద నేల మీద కూలబడింది. తలుపు తీయకపోతే వాళ్లు చెప్పలేరు, చెప్పకపోతే జరగనట్టే. అక్కడి ఆడవాళ్లందరి లెక్కా అదే. కెప్టెన్ మర్యాదస్తుడు. లోపల గిన్నె పడ్డ చప్పుడు విని ఇంకా గట్టిగా తలుపు తట్టాడు.

"అమ్మా! మిరేయా ఎస్కోబెడో గారి ఇల్లెక్కడండీ?"

ట్రూడీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తలుపు తీసింది. "మిరేయానా? ఎందుకు?"

కెప్టెన్‌కు ఆజ్ఞ గుర్తొచ్చింది. నిటారుగా నిలబడ్డాడు. "క్షమించండమ్మా. అది ఆవిడతోనే, స్వయంగా చెప్పాల్సిన విషయం."

నిజంగా చావు కబురు తెచ్చేవాళ్లు అనేదీ సరిగ్గా ఈ మాటే. ట్రూడీ కంగారులో తప్పు దిక్కు చూపించి, తలుపేసుకుని, ఫోను అందుకుంది.

పోయిన ఏడాది సుడిగాలి వచ్చినప్పుడు ఆ వీధికి ఫోన్ల గొలుసు కట్టింది డార్లీనే. ఒకరు ఇద్దరికి చెప్పాలి, ఆ ఇద్దరూ నలుగురికి. అది అంత బాగా పనిచేస్తుందని ఆ రోజే తెలిసింది. కెప్టెనూ పాస్టరూ తప్పు దారిలో తిరిగి తిరిగి అసలు ఇల్లు కనుక్కునేలోపే వీధి వీధంతా బయటపడింది. ఒకావిడ చేతిలో చేపముక్కల నూడుల్స్ పళ్లెం, ఇంకో ఆవిడ చేతిలో బంగాళాదుంపల పళ్లెం. పళ్లెం పోకుండా అడుగున అంటించిన పేరు చీటీలు. చావు ఇంట్లో పొయ్యి వెలగదు కదా. ఎవరో మిరేయా కుక్కను అప్పటికే తమ పెరట్లో కట్టేశారు. రిటైరైన సార్జెంటు బంట్‌కు కష్టంలో ఉన్న ఇంటికి చేయగల సాయం ఒక్కటే తెలుసు. ఆయన గడ్డి కోసే మిషను తెచ్చి, కళ్లు తుడుచుకుంటూ, మిరేయా ఇంటి ముందు గడ్డి కోయడం మొదలుపెట్టాడు.

మిరేయాకు ఎవరూ ఫోను చేయలేదు, అంత ధైర్యం ఎవరికుంది? కానీ మిషను మోతకు లేచి కిటికీ తెర తీసింది. వీధి వీధంతా తనింటికే వంటలు మోసుకొస్తోంది. గుమ్మంలో రెండు పతకాల కోట్లు. గొలుసు వేసి, గడియ పెట్టి, తలుపుకు కుర్చీ అడ్డంపెట్టి, దాని మీద తనే కూర్చుంది.

"వెళ్లిపోండి! నేను తీయను! డార్లీనక్క రాలేదు, కాబట్టి ఏమీ కాలేదు!"

డార్లీన్‌కు ఫోను డైపర్ల మధ్య మోగింది. ఆ ఫోన్ల గొలుసు కట్టిన మనిషికే అందరికంటే చివర కబురందింది. "అక్కా... మిరేయా ఇంటికి... పాస్టరు గారు..." అంతే వినిపించింది. ఎన్నో ఏళ్ల కిందట ఒకసారి ఆవిడ నిజంగా చావు కబురొచ్చిన గుమ్మం ముందు నిలబడింది. ఆ రోజు చూసిన ముఖం ఇంకా కళ్లముందే ఉంది. కారు ఎలా నడిపిందో ఆవిడకే తెలియదు. దిగి, నేరుగా వెళ్లి, కెప్టెన్ చెయ్యి పట్టుకుంది.

"చెప్పు నాయనా. తేయో... ఎప్పుడు? ఎలా?"

కెప్టెన్ అటూ ఇటూ చూసి, ఆవిడ చెవిలో గుసగుసలాడాడు. "ఆదర్శ కుటుంబం బహుమతి మేడమ్. కారులో కొబ్బరి కేకుంది. కెమెరా వచ్చేదాకా చెప్పొద్దన్నారు."

డార్లీన్‌కు ముందు ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే ఒళ్లంతా మండిపోయింది. అక్కడికక్కడే ఆ ఇద్దరినీ కేకులో ముంచేసేదే. కానీ లోపల ఎనిమిదో నెల పిల్ల, రక్తపోటు, డాక్టరు మాట. కోపాన్ని దిగమింగి, గుమ్మం దగ్గరికెళ్లి, జన్మలో ఎన్నడూ వాడని మెత్తటి గొంతుతో పిలిచింది.

"మిరేయా... బంగారం... నేనమ్మా, డార్లీనక్కని. తలుపు తియ్యి తల్లీ."

లోపల గుండెలు పగిలే కేక.

"నువ్వొచ్చావా! వస్తానన్నావు, వచ్చేశావా! అయ్యో తేయో!"

"కాదమ్మా, విను, వాడికేం కాలేదు..."

"నువ్వెప్పుడైనా నాతో ఇంత మెత్తగా మాట్లాడావా? అబద్ధం చెప్తున్నావు! నా కడుపులో బిడ్డ కోసం అబద్ధం చెప్తున్నావు!"

డార్లీన్ ఎంత మెత్తగా మాట్లాడితే లోపల ఏడుపు అంత పెరిగింది. పాస్టరు గారు సాయం చేద్దామని కిటికీ దగ్గరికెళ్లి "అమ్మా, దేవుడు..." అన్నారు. దాంతో లోపల కేక మిన్నంటింది. బయట ఆడవాళ్లు పళ్లేలు పట్టుకునే బావురుమన్నారు. బంట్ మిషను మాత్రం ఆపలేదు.

సరిగ్గా అప్పుడు దిగాడు కిప్, మెడలో కెమెరా, చేతిలో బుడగల గుత్తి. గుంపును చూడగానే అతని ముఖం వెలిగిపోయింది.

"అబ్బో, ఇంతమంది వచ్చారే! అందరూ కొంచెం గుమ్మం వైపు జరగండి. కాస్త నవ్వాలి!"

డార్లీన్ వెనక్కి తిరిగింది. ఆ ముఖం చూసి బంట్ మిషను ఆపేశాడు.

"ఒరేయ్ కిప్పూ! నీ కెమెరా తగలెయ్య! బుర్రనేది ఉందా నీకు, లేక ఆ హోటల్లోనే తాకట్టు పెట్టొచ్చావా? కడుపుతో ఉన్న పిల్ల గుమ్మానికి చావు కబురు వేషం కట్టించి కేకు పంపిస్తావా? ఈ వీధిలో ప్రతి ఆడదీ ఈ కోటును కల్లో చూసి ఉలిక్కిపడి లేస్తుంది, తెలుసా నీకు? కారు చప్పుడైతే చాలు, తింటున్న ముద్ద గొంతులో ఆగిపోతుంది. మేం ఎలా బతుకుతున్నామో ఒక్కసారి అడిగావా? నవ్వాలా? ఆ బుడగలతోనే నిన్ను పైకి పంపిస్తా, దేవుడి దగ్గర నవ్వుదువుగాని! ఏంట్రా కెప్టెనూ, చెప్పొద్దంటే చెప్పకుండా నిలబడతావా? రేపు ఊపిరి తీయొద్దంటే తీయవా? పాస్టరు గారూ, మీకు దేవుడు నోరిచ్చింది పాటలు పాడటానికేనా?"

పాస్టరు గారు తల దించుకున్నారు. కిప్ చేతిలోంచి బుడగలు జారి ఎగిరిపోయాయి.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. గొలుసు ఊడింది. తలుపు సందులోంచి తడిసిన ముఖం కనిపించింది.

"అక్కా... తిడుతున్నావా?"

"తిట్టక, ముద్దు పెట్టుకోమంటావా వీళ్లని?"

"పాస్టరు గారిని కూడా తిట్టావా?"

"ఆయన్ని ఇంకా సగమే తిట్టాను!"

"అయితే తేయో బాగున్నాడు" అంది మిరేయా. "ఆ కబురు తెచ్చినవాళ్లని నువ్వు తిట్టవు."

అక్కడే గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. డార్లీన్ పక్కన కూర్చుని, ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, కిప్‌ను తిడుతూనే ఉంది, మళ్లీ అనుమానం రాకుండా. ఆస్పత్రికి తీసుకెళితే బిడ్డ క్షేమమని చెప్పారు. దారిలో మిరేయా "ఇంతకీ ఏ కేకు?" అని అడిగి, "నాకు కొబ్బరి పడదు" అంది.

ఆ సాయంత్రం ట్రూడీ వచ్చి, ఎవరూ వినకుండా చెప్పింది. "అక్కా, మా ఇల్లు కాదనగానే నాకు సంతోషమేసింది. మిరేయా పేరు విన్నాక కూడా. ఛీ, ఏం మనిషిని నేను!"

"నాకూ వేసేదే" అంది డార్లీన్. "ఆ సంతోషం కూడా ఆ కిప్పుగాడే తెచ్చి మన నెత్తిన పోశాడు, వెధవ."

మర్నాడే ఆవిడ కర్నల్ దగ్గరికెళ్లి బల్ల గుద్దింది. పతకాల కోట్లతో ఇంటికెళ్లి బహుమతులివ్వాలన్న నియమం కొట్టేయాలి. కర్నల్ తలూపాడు. తలూపడం వేరు, కొట్టేయడం వేరు. ఈలోగా కిప్ తెలివిగా, అదంతా ముందుగా చెప్పకుండా తానే జరిపిన అత్యవసర పరీక్ష అని పైవాళ్లకు చెప్పుకున్నాడు. క్షణాల్లో వీధంతా కదిలింది, వంటలొచ్చాయి, గడ్డి కూడా కోశారు! పైవాళ్లు మురిసిపోయి అతనికి ఉత్తమ మేనేజరు బహుమతి ప్రకటించారు. అది విన్న రోజు డార్లీన్ కోపానికి ఇంట్లో రెండు కప్పులు పగిలాయి.

తర్వాతి శనివారం ఉదయం ఆవిడ మిగిలిన కప్పులో కాఫీ పోసుకుంటుండగా ఫోను మోగింది. కెప్టెన్ రూడీ.

"మేడమ్, కిప్ గారింటి దగ్గరున్నాం, నేనూ పాస్టరు గారూ. ఆయన బహుమతి ఇవ్వడానికి. నియమం మారలేదన్నారు, కోట్లు వేసుకోక తప్పలేదు."

"అయితే?"

"ఈసారి మేం విషయం ముందే చెప్పేశాం మేడమ్. కేకు కూడా ఎత్తి చూపించాం. ఆయన కిటికీలోంచి మమ్మల్ని చూసి, బ్రూక్, బ్రూక్ అంటూ బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నారు. కోటు ఏ దళానిదో కూడా చూడలేదు. ఎంత చెప్పినా నమ్మడం లేదు. దయచేసి మీరొకసారి వచ్చి మమ్మల్ని తిట్టాలి."

డార్లీన్ కాఫీ చివరి చుక్కదాకా తాగి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడు బయల్దేరింది.