దయచేసి, మెట్లు వాడండి

సోమవారం పొద్దున్న ఏడున్నరకే కామాగారు స్నానం ముగించి, హాల్లో కూర్చుని బూట్ల లేసులు బిగిస్తుండడం చూసి ఆయన భార్యకు అనుమానం వచ్చింది. ఆఫీసు తొమ్మిదింటికి. బస్సులో పావుగంట దారి. మామూలు రోజుల్లో ఎనిమిదిన్నరకి కూడా ఆయన మంచం కిందికి వంగి రెండో సాక్సు కోసం వెతుకుతూ ఉంటారు.

"మళ్ళీ ఏదో మొదలుపెట్టినట్టున్నారు" అంది ఆవిడ.

"ఏమీ లేదు. ఆఫీసులో పనుంది."

"మీ మొహంలో ఆ వెలుగు నాకు తెలీదా? సైకిలు కొన్నరోజు కూడా ఇలాగే వెలిగింది. చెప్పండి, ఈసారి ఏంటి, ఈతా?"

ఆవిడ అనుమానానికి సాక్ష్యాలు ఇంటినిండా ఉన్నాయి. కదలకుండా తొక్కే ఆ సైకిలు పడగ్గదిలో ఉంది, దాని హ్యాండిలు మీద తువ్వాళ్ళు చక్కగా ఆరుతాయి. డంబెల్స్ రెండూ వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా కాపలా కాస్తున్నాయి. స్కిప్పింగ్ తాడును బావమరిది ఇల్లు మారేటప్పుడు పరుపు చుట్టడానికి పట్టుకెళ్ళాడు. ఇక జిమ్ములో ఏడాదికి చేరి తొమ్మిది రోజులు వెళ్ళారు. పదో రోజు నుంచి, అక్కడి కోచ్ ఎదురుపడితే ఏం చెప్పాలో తెలియక, ఆ వీధిలో నడవడమే మానేశారు. "మీ వ్యాయామం మూణ్ణాళ్ళ ముచ్చటైనా బాగుండును, ఎప్పుడూ రెండున్నర దగ్గరే ఆగుతుంది" అంటుంది ఆవిడ.

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. పుస్తకాలు ప్రచురించే సంస్థలో ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నారు. ఎవరు రాసిన కాగితమైనా సరే, చేతిలో పడితే కనీసం ఒక్క కామా అయినా పెట్టకుండా వదలరు. ఆ పేరు అలా స్థిరపడింది.

క్రితం వారం డాక్టరు ఆయన రక్తపోటు చూసి పెదవి విరిచాడు. "మీరు కొండలెక్కక్కర్లేదు. ఏదో ఒకటి రోజూ చెయ్యండి. రోజూ అన్నాను, గుర్తుంచుకోండి. నాలుగు నెలలయ్యాక కూడా ఇలాగే ఉంటే మాత్రలు రాస్తాను. అవైతే మానడానికి వీల్లేదు" అన్నాడు.

కామాగారు వారమంతా ఆలోచించారు. పాత ప్రయత్నాలన్నిటికీ ముందుగా ఏదో ఒకటి కొనడం, ఆ తర్వాత పదిమందికీ చాటడం జరిగాయి. ఉత్సాహమంతా ఆ రెంటితోనే ఖర్చయిపోయింది. అందుకే ఈసారి కొనేదీ లేదు, చెప్పేదీ లేదు. ఆఫీసు ఐదో అంతస్తులో ఉంది. నూట పది మెట్లు. రోజూ ఎక్కితే చాలు.

అడ్డల్లా లిఫ్టే. భవనంలో అడుగుపెట్టగానే ఆయన ప్రమేయం లేకుండానే కాళ్ళు అటు తిరుగుతాయి. తన మాట మీద తనకెలాగూ నమ్మకం లేదు గానీ, అచ్చయిన మాటంటే ఆయనకు గురి. 'ఇక్కడ నిలబడరాదు' అని గోడమీద రాసి ఉంటే జోరువానలో కూడా పక్కకి జరిగి తడిసే మనిషి. అందుకని శనివారమే ఆఫీసు కంప్యూటర్లో పెద్ద అక్షరాలతో ఒక నోటీసు తయారుచేసి, అచ్చు తీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు: 'లిఫ్ట్ పనిచేయదు; దయచేసి, మెట్లు వాడండి.'

పథకం పకడ్బందీగానే ఉంది. అందరికంటే అరగంట ముందు వెళ్ళాలి. నోటీసు అంటించాలి. దాన్ని తానే చదివి, తానే పాటించి పైకెక్కాలి. తర్వాత కిందికి దిగొచ్చి, ఎవరూ చూడకముందే చింపేసి, మళ్ళీ ఎక్కాలి. ఒక్క నోటీసుతో రెండు విడతల వ్యాయామం.

ఎనిమిదిన్నరకి అంటించారు. ఎక్కారు. మూడో అంతస్తు దగ్గర గుండె చెవుల్లో కొట్టుకుంది. ఐదో అంతస్తు చేరి, తాళం తీసి, తన కుర్చీలో రెండంటే రెండే నిమిషాలని కూలబడ్డారు. ఫ్యాను చల్లగా తిరుగుతోంది. ఎదురుగా ప్రూఫుల కట్ట మెత్తగా ఉంది.

మెలకువ వచ్చేసరికి తొమ్మిదీ పది. గుమ్మంలో రిసెప్షన్ అమ్మాయి గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"బాబాయ్, లిఫ్టు పాడైందంట, చూశారా?"

"ఆఁ. చూశాను" అన్నారు కామాగారు. అది అబద్ధమేమీ కాదు.

దిగి కాగితం పీకేద్దామని లేచారు. అంతలోనే మేనేజరు వచ్చాడు. మనిషి భారీగా ఉంటాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది, బూట్లు చేతిలో ఉన్నాయి. "ఈ భవనం చూసుకునేవాడెవడో నా ముందుకి రానీ, ఉతికి ఆరేస్తాను. మెకానిక్కి అప్పుడే ఫోన్ చేశా" అన్నాడు. కామాగారు మళ్ళీ కూర్చున్నారు.

"అసలు ఇవాళే పాడవ్వాలా? పదకొండింటికి పెద్దమ్మగారు వస్తున్నారు" అన్నాడు మేనేజరు.

పెద్దమ్మగారంటే సంస్థ యజమాని. డెబ్బై నాలుగేళ్ళు. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. పిల్లల నిఘంటువు మీద మూడేళ్ళుగా పని జరిగింది. ఆవిడ పుటలన్నీ ఒకసారి తిరగేసి సంతకం పెడితే మధ్యాహ్నమే అచ్చుకి వెళ్తుంది. ఇవాళ వెళ్ళకపోతే ప్రెస్సువాళ్ళు యంత్రం వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. బడులు తెరిచేనాటికి పుస్తకం రాదు. ఆ నిఘంటువులో కామాగారివే నాలుగు వేల కామాలున్నాయి.

ఇంతలో మెకానిక్ వచ్చాడు. లిఫ్టు బాగుచేసేవాడై ఉండి కూడా, నోటీసు చూసి బుద్ధిగా మెట్లే ఎక్కాడు. మేడమీద మోటారు గదిలోకి వెళ్ళి ముందుగా కరెంటు ఆపేశాడు. ఇప్పుడిక కాగితం పీకినా లాభం లేదు. గంట తర్వాత ఫోన్ చేశాడు.

"ఎక్కడా లోపం కనబడట్లేదు సార్."

"కనబడట్లేదంటే?"

"కనబడని లోపమంటే పెద్దదే అయ్యుంటుంది సార్."

పెద్దమ్మగారికి ఫోన్ చేస్తే అప్పటికే కారు కింద ఆగింది. మేనేజరు తల పట్టుకుని, వదిలి, తన కుర్చీకేసి చూశాడు. "కుర్చీలో మోసుకొద్దాం" అన్నాడు.

"అది తిరిగే కుర్చీ సార్" అంది రిసెప్షన్ అమ్మాయి.

"మెత్తగా ఉండేది అదొక్కటే. కామాగారూ, మీరు ముందు పట్టుకోండి. అందర్లోకీ ఆయాసం లేనిది మీరే."

కామాగారు తేలు కుట్టిన దొంగలా లేచారు. ముందు ఆయన, మేనేజరు. వెనక ఇద్దరు చిత్రకారులు. పెద్దమ్మగారు చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, "జాగ్రత్త నాయనా, నాకేం కాదు, మీ నడుములు" అంటూ కూర్చున్నారు. మొదటి మలుపులో కుర్చీ తిరిగి ఆవిడ మొహం గోడకేసి వెళ్ళింది. రెండో మలుపులో వెనక ఉన్న చిత్రకారులకేసి వచ్చింది. రెండో అంతస్తులో పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళు నోట్లో దూదితోనే బయటికొచ్చి చూశారు. మూడో అంతస్తుకి రెండు మెట్లుందనగా కుర్చీ కాళ్ళు కటకటాలకీ గోడకీ మధ్య ఇరుక్కున్నాయి. ఎటు లాగినా రాలేదు. మేనేజరు చెయ్యి పొరపాటున సీటు కిందున్న మీట మీద పడింది. కుర్చీ నిట్టూర్చినట్టు చప్పుడు చేస్తూ, పెద్దమ్మగారితో సహా మెల్లగా కిందికి దిగింది.

సరిగ్గా అప్పుడు మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెకానిక్ బయటికొచ్చాడు.

"ఇక్కడున్నారా సార్. లిఫ్టు బ్రహ్మాండంగా ఉంది. నాలుగుసార్లు ఎక్కి దిగాను. ఇంతకీ పాడైందని మీకెవరు చెప్పారు?"

"కింద మీరే కాగితం అంటించారుగా" అన్నాడు మేనేజరు.

"మేం పెట్టింది కాదు సార్." మెకానిక్ జేబులోంచి కాగితం తీశాడు.

పెద్దమ్మగారు చెయ్యి చాపి అందుకున్నారు. సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, తీరిగ్గా చదివారు.

"సెమికోలన్ ఉంది" అన్నారు. మరోసారి చూశారు. "దయచేసి తర్వాత కామా కూడా ఉంది."

అందరూ కామాగారి వైపు తిరిగారు.

దాచి లాభం లేదని తెలిశాక ఆయన మొత్తం చెప్పేశారు. డాక్టరుతో మొదలుపెట్టి, సైకిలు, డంబెల్స్, తాడు, జిమ్ము, నడవడం మానేసిన వీధి, ఏదీ వదల్లేదు. చెబుతున్నంతసేపూ కుర్చీ కాలు వదలకుండా పట్టుకునే ఉన్నారు. చివరికి, "తప్పయిపోయిందమ్మా. నా ఒక్కడికోసమే అంటించాను. పీకేసేలోపు నిద్రపట్టేసింది" అన్నారు.

"మెమో ఇస్తాను మేడం" అన్నాడు మేనేజరు, పళ్ళు నూరుతూ.

"ఇస్తే దాన్ని కూడా దిద్ది వెనక్కిస్తాడు. మెమో వద్దు" అన్నారు పెద్దమ్మగారు. నవ్వాపుకుంటున్నట్టే ఉన్నారు గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నీకు మెట్లేగా కావలసింది? ఇవాళ్టినుంచి ఏడాదిపాటు ఈ భవనంలో లిఫ్టు ఎక్కడానికి నీకు వీల్లేదు. పొద్దున్నొకసారి, భోజనం అయ్యాకొకసారి, నూట పది మెట్లూ ఎక్కాల్సిందే. రిసెప్షన్ అమ్మాయి కనిపెట్టి ఉంటుంది."

ఆవిడ చేయి పట్టించుకుని ఆ రెండు మెట్లూ ఎక్కి, మిగతా రెండంతస్తులూ లిఫ్టులో వెళ్ళారు. ఖాళీ కుర్చీని నలుగురూ మెట్లమీదే మోశారు, లిఫ్టు వాడదామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పన్నెండున్నరకి నిఘంటువు మీద సంతకం పడింది.

శిక్ష మొదటి వారం కామాగారు మంచం దిగడానికి కూడా గోడ పట్టుకున్నారు. రెండో నెలలో ఒక వానరోజున చుట్టూ చూసి, ఎవరూ లేరని గొడుగు మాటున లిఫ్టులోకి దూరారు. ఐదో అంతస్తులో రిసెప్షన్ అమ్మాయి తలెత్తి చూసింది.

"బాబాయ్, ఆయాసం ఏది?"

"ఇవాళెందుకో రాలేదమ్మా."

"కిందికెళ్ళి తెచ్చుకోండి."

వెళ్ళి తెచ్చుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ అలాంటి సాహసం చేయలేదు.

నాలుగో నెలలో ఒకరోజు ఏదో వాక్యం గురించి ఆలోచిస్తూ నడిచి, తన కుర్చీలో కూర్చున్నాక గానీ మెట్లెక్కి వచ్చిన సంగతి ఆయనకి తట్టలేదు. డాక్టరు రక్తపోటు రెండుసార్లు చూసుకుని, రాయబోయిన చీటీ పక్కన పెట్టాడు. ఆదివారాలు కాళ్ళు ఊరుకోక ఇంటి మెట్లే మేడదాకా ఎక్కి దిగడం మొదలుపెట్టారు. ఏమైనా పోయిందా, వెతకమంటారా అని పక్కింటివాళ్ళు అడిగారు. భార్య మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తితే మానేస్తారేమోనని ఆవిడ భయం.

ఏడాది తిరిగింది. పెద్దమ్మగారు ఆయన్ని గదిలోకి పిలిచారు. "నీ శిక్ష ఇవాళ్టితో సరి. రేపట్నుంచి నిక్షేపంగా లిఫ్టు ఎక్కొచ్చు" అన్నారు.

కామాగారి మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నారు.

"శిక్ష తీరిపోతే మంచిదేగా, ఎందుకలా అయిపోయారు?" అంది భార్య, సంగతి విని.

"నా సంగతి నీకు తెలీదా? రేపు ఒక్కరోజే కదా అని లిఫ్టు ఎక్కుతాను. ఎల్లుండి నిన్న ఎక్కాం కదా అని ఎక్కుతాను. ఆవలెల్లుండికి మెట్లు ఎటున్నాయో మర్చిపోతాను."

ఆవిడ సైకిలు మీది తువ్వాలు తెచ్చి ఆయన చేతికిచ్చింది. "నోరు తెరిచి అడగండి. ఏడాదిపాటు నూట పది మెట్లు ఎక్కినవారికి అదేమంత బరువు?"

మర్నాడు ఆయన మెట్లెక్కి వెళ్ళి మేనేజరుకి అర్జీ ఇచ్చారు. శిక్ష తగ్గించమన్న అర్జీలు మేనేజరు తన సర్వీసులో చాలా చూశాడు. ఇది మాత్రం రెండుసార్లు చదివి, మారుమాట్లాడకుండా పెద్దమ్మగారి దగ్గరికి పంపించాడు. మూడోరోజు జవాబు టైపయి, సంతకమయి, కామాగారి బల్ల మీదికి వచ్చింది.

'మీ సత్ప్రవర్తనను దృష్టిలో ఉంచుకుని, శిక్షను పదవీ విరమణ వరకు పొడిగించడమైనది.'