మంత్రిగారికి ఎదురొచ్చిన బిందె

శకునాలను నమ్మేవాడు మనిషే కాడని ఊరూరా ఉపన్యాసాలిచ్చే మంత్రి కోదండరాం గారు మా తొండియార్‌పేట వీధికి స్వయంగా వస్తారనీ, పందొమ్మిది రోజులుగా కట్టేసిన కొళాయిని పరిశీలించి అక్కడికక్కడే నీళ్ళు వదిలిస్తారనీ ప్రకటన వెలువడింది. ప్రజలంటే ఇంత ప్రేమ ఉన్న మంత్రిని నేనింతవరకు చూడలేదు.

సోమవారం ఆయన అంబాసిడర్ మా వీధి మొగదలకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మా పక్కింటి మునియక్క ఖాళీ బిందెతో ఎదురైంది. మంత్రిగారికి ఉన్నట్టుండి అర్జెంట్ మీటింగ్ జ్ఞాపకం వచ్చి, కారు వెనక్కి తిరిగింది. బుధవారం మళ్ళీ కారు, మళ్ళీ మునియక్క, మళ్ళీ మీటింగు. ఆయనకెంత తీరికలేదో పాపం!

పార్టీ వార్డు సెక్రటరీ ఆదికేశవులు మండిపడ్డాడు.

"ఏమక్కా, ఒట్టి బిందెతోనా ఎదురొచ్చేది? నిండు బిందెతో రారాదా?"

"నీళ్ళు యాడుండాయి సామీ?"

"మంత్రిగారొచ్చి పైపు తిప్పిస్తే వస్తాయి గదా!"

"ఆయన రావాలంటే నీళ్ళు కావాల, నీళ్ళు కావాలంటే ఆయన రావాల. ఎల్లుండి శుక్రవారం నా కూతురికి పురిటి స్నానం. పచ్చిబిడ్డకి మీ ఉపన్యాసం పోసేదా?"

ఆదికేశవులు బుర్ర ఉన్నవాడు. గురువారం తెల్లారగానే ఆడవాళ్ళందర్నీ సముద్రానికి తోలాడు. మంత్రిగారు వచ్చేసరికి వీధి పొడుగునా నిండు బిందెలే.

మంత్రిగారి ముఖం విప్పారింది. "ఈడ నీళ్ళకేం తక్కువ? అంతా ప్రతిపక్షాల పుకారు! ఇంజనీర్, ఈ వీధికి కొళాయి అక్కర్లేదని రాసుకో" అన్నారు. ఫొటో కోసం ఒక బిందెలోంచి గుక్కెడు తాగారు. కాసేపు కళ్ళు మూసుకుని, కష్టంగా మింగి, "అమృతం!" అన్నారు. అంత నిగ్రహం మామూలు మనుషులకు రాదు.

ఆయన కారెక్కగానే మునియక్క బిందెడు ఉప్పునీళ్ళూ రోడ్డు మీద గుమ్మరించి, ఖాళీ బిందెతో కారు ముందు నిలబడింది. మిగతా ఆడవాళ్ళూ అదే పని చేశారు. ముందు పదహారు ఖాళీ బిందెలు, వెనక ఇరవై రెండు.

"తప్పుకోమ్మా, కారు పోవాల" అన్నాడు ఇంజనీరు.

"పక్కన దావుంది గదా, పోనీండి. శకునాల్లేవని అయ్యగారే చెప్పిండారు!"

దారి ఉంది. మంత్రిగారికి శకునాల మీద నమ్మకమూ లేదు. కారు మాత్రం కదల్లేదు. ఎండలో అరగంట గడిచాక అద్దం నాలుగు వేళ్ళు దిగింది.

"నింపి చావవయ్యా!"

మెయిన్ పైపు పగిలిందని ఇన్నాళ్ళుగా చెబుతున్న ఇంజనీరు జీపులోంచి తాళంచెవి తీసి, రోడ్డు మీది మూత ఎత్తి రెండు తిప్పులు తిప్పాడు. కొళాయి బుస్సుమంది. బిందెలు నిండాయి, కారు వెళ్ళింది. వెంటనే ఇంజనీరు కొళాయి కట్టేసి తనూ వెళ్ళాడు.

శుక్రవారం మునియక్క కూతురికీ మనవడికీ కలిపి ఆ ఒక్క బిందెతోనే స్నానం అయిందనిపించారు. శనివారం పొద్దున్నే మా వీధి ఆడవాళ్ళు ముప్ఫై ఎనిమిది ఖాళీ బిందెలతో బస్సెక్కి, మంత్రిగారి బంగళా గేటుకెదురుగా వరుస కట్టారు.

మంత్రిగారు నాలుగు రోజులుగా గడప దాటకుండా నీటి సమస్యను అధ్యయనం చేస్తున్నారని ఈ రోజు పేపర్లో రాశారు.