బుదైయా బంగళా క్యాసెట్టు

మనామా మహానగరం! ఒకప్పుడు ముత్యాల బేరానికి దేశదేశాల ఓడలు ఆగిన రేవు, ఇప్పుడు బ్యాంకులకు నిలయం. అంతటి చారిత్రక అరబ్బు రాజధానిలో, ఇరుకు సందుల పేట నయీమ్‌లో, ఒకే గదిలో మేం ఆరుగురం వేంచేసి ఉన్నాం. చరిత్రకారులు ఇంకా ఇటు రాలేదు.

అది తొంభై నాలుగు. మాలో వెంకటరాజుకి సంబంధం వచ్చింది. కార్లు కడిగే ఉద్యోగం అతడిది. ఫొటోలో సత్యశ్రీని చూసినప్పటి నుంచీ పాపం అన్నం సహించడం లేదు. చిక్కల్లా పిల్ల తండ్రి భీమరాజుగారితోనే. "మనామాలో మేనేజరుగా చేసొచ్చినవాణ్ణి. పిల్లని మేనేజరుకే ఇస్తాను," అని ఆయన శాసనం. మావాడు అప్పటికే ఉత్తరంలో మేనేజరైపోయాడు! ఇప్పుడాయనకి కాబోయే అల్లుడి గొంతు కూడా వినాలట, క్యాసెట్టు పంపమన్నారు.

ఊరెళ్లే మనిషి కింద టాక్సీలో కూర్చున్నాడు. మేం టేప్‌రికార్డరు నొక్కాం.

"మావగారూ, నమస్కారమండి. బుదైయాలో మా బంగళా నుంచి మాట్లాడతన్నానండి. చుట్టూ తోటండి. చీమ చిటుక్కుమన్నా వినపడద్దండి..."

సరిగ్గా అప్పుడే సందులోకి గ్యాసు బండి వచ్చింది. సిలిండరు మీద రెంచీతో టంగుటంగుమని ఒకటే మోత! బంగళా నౌకరు వేషం వేసిన మా గదివాడు పేరయ్యకి గ్యాసు పేరుతో వంట గుర్తొచ్చింది.

"రాజుగారూ! ఇయ్యాల వంట వంతు తమరిదే! ఉల్లిపాయలు తరగండి!"

చెరిపి మళ్లీ చెప్పే వ్యవధి లేదు. కింద హారను మోగుతోంది. క్యాసెట్టు వెళ్లిపోయింది. వెంకటరాజు మొహం చూస్తే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

నెల తిరక్కుండా జవాబు క్యాసెట్టు వచ్చింది. అందరం చుట్టూ చేరి విన్నాం.

"బాబూ, గ్యాసు బండి మోత విన్నాను. కళ్లు చెమర్చాయి. నయీమ్‌లో... అదే, బుదైయాలో, నా బంగళా ముందూ అలాగే కొట్టేవోడు. మేనేజరు బతుకెంత కష్టమో నాకు తెలుసు. ముహూర్తం పెట్టించేస్తన్నాను. ఒక్కటే మాట. మీ అత్తగారు నేను మేనేజరుననే అనుకుంటంది. అల్లుడివి, నా పరువు నిలబెట్టు."

గదంతా కేరింతలు! ఆ సంబరంలో గమనించలేదు గానీ, భీమరాజుగారు టేపు ఆపడం మరిచిపోయారు. దూరం నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఏవండీ మేనేజరుగారూ! మాటలైపోతే ఇలా రండి. చుట్టాలొస్తన్నారు, ఉల్లిపాయలు తరగాలి. లేబరు క్యాంపులో అంతమందికి వండిన చెయ్యి కదా!"

వెంకటరాజు టేపు కట్టేశాడు. లేచి వెళ్లి ఉల్లిపాయల బుట్ట ముందేసుకున్నాడు.

నిజానికి ఆ రోజు వంతు పేరయ్యది.